వెండితెర, అచేతనం: తెలుగు జనరంజక సంస్కృతిపై తాత్విక, మనోవిశ్లేషణ పఠనాలు

సినిమా, సీరియల్, పాట, కటౌట్, వెంచర్ బోర్డు, జాతర మైకు వంటి జనం రోజూ చూసేవాటిని, వినేవాటిని ఐరోపా తత్వశాస్త్రం, మనోవిశ్లేషణ ఇచ్చిన పరికరాలతో చదివే విమర్శ పద్ధతి ఇది. హెగెల్, మార్క్స్, ఫ్రాయిడ్, లకాన్, అల్తూసర్, బార్త్, డెల్యూజ్ దీనికి మూలపురుషులు. తెలుగు ప్రాంతంలో దీని కేంద్రం హైదరాబాదు, ముడిసరుకు ప్రధానంగా తెలుగు సినిమా. 1990ల నుంచి ఇక్కడ జరిగిన పరిశోధన ఒక సంగతి తేల్చింది. పారిస్, లండన్‌లలో తయారైన ప్రేక్షకుడి సిద్ధాంతం తెలుగు సినిమా హాల్లోకి వచ్చాక యథాతథంగా నిలవలేదు. దాన్ని సరిచేసుకోక తప్పలేదు. ఈ రంగంలో తెలుగువాళ్ల అసలు సంపాదన ఆ సవరణే.

ఐరోపా మూలాలు

'కలల వ్యాఖ్యానం' (1900)లో ఫ్రాయిడ్ కలకు రెండు పొరలు చెప్పాడు. పైకి కనిపించే కథ ఒకటి, దాని వెనక నడిచే ఆలోచన ఇంకొకటి. దాగిన కోరికను బయటపెట్టడంతో పని అయిపోదని, ఆ కోరిక అలాంటి కథగానే ఎందుకు మారిందన్నది అడగాలని కూడా అన్నాడు. జనరంజక సంస్కృతిని చదివేవాళ్లకు ఆ రెండో ప్రశ్నే పెట్టుబడి. 1940లలో అమెరికా ప్రవాసంలో ఉన్న అడోర్నో, హార్క్‌హైమర్ సినిమాను, రేడియోను కర్మాగారపు సరుకుగా చూశారు. 1957లో రోలా బార్త్ 'మిథాలజీస్'లో కుస్తీ పోటీలు, సబ్బు పొడి, కొత్త కారు వంటివాటిని పురాణాలు చదివినట్టు చదివాడు. 1970లో అల్తూసర్, భావజాలం మనిషిని పేరుపెట్టి పిలిచి తనవాణ్ణి చేసుకుంటుందని వివరించాడు.

సినిమా విషయంలో మలుపు 1975. క్రిస్టియన్ మెట్జ్, లారా మల్వీ ఇద్దరూ ఆ ఏడాది, బిడ్డ అద్దంలోని బొమ్మను తానేనని గుర్తించే లకాన్ 'అద్దపు దశ' ఆధారంగా ప్రేక్షకుణ్ణి వర్ణించారు. చీకటి హాల్లో కదలకుండా, మాట్లాడకుండా, పక్కవాణ్ణి మరిచి తెరను దొంగచాటుగా చూసే ఒంటరి మనిషి ఆ ప్రేక్షకుడు. తెర మీదివాళ్లు అతన్ని చూడరు, అతనే వాళ్లను చూస్తాడు. ఆ చూపు మగవాడి చూపని మల్వీ జోడించింది. 1989 తర్వాత స్లావోయ్ జిజెక్ లకాన్‌ను హాలీవుడ్ కథలతోనూ వీధి జోకులతోనూ కలిపి చెప్పడంతో ఈ పద్ధతి విశ్వవిద్యాలయాల గోడలు దాటింది.

భారతీయ ఈడిపస్

మనోవిశ్లేషణ మన దేశానికి తొందరగానే వచ్చింది. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ స్థాపించాడు. తన దగ్గరికొచ్చే రోగుల్లో, కొడుకు తల్లిని కోరి తండ్రిని పోటీదారుగా చూసే ఈడిపస్ కోరిక వియన్నాలో ఉన్నట్టు లేదని ఫ్రాయిడ్‌కే ఉత్తరాలు రాశాడు. ఎ.కె. రామానుజన్ మన కథల్లో బాణం దిశ మారిందని చూపాడు. గ్రీకు కథలో కొడుకు తండ్రిని చంపితే, మన కథల్లో తండ్రి సుఖం కోసం కొడుకు తన యౌవనాన్నో సంసారాన్నో వదులుకుంటాడు. యయాతి కొడుకు పూరువు, శంతనుడి కొడుకు భీష్ముడు అలాంటివాళ్లే. సుధీర్ కకర్ 1978లో వచ్చిన 'ది ఇన్నర్ వరల్డ్'లో తల్లి బిగికౌగిలి నుంచి బయటపడలేని కొడుకును కేంద్రంలో నిలబెట్టాడు. హిందీ సినిమాను జనమంతా కలిసి కనే పగటికలగా చదివినవాడూ ఆయనే.

తెలుగులో ఈ ఆలోచనలు సినిమా విమర్శ కంటే ముందు నవలలోకి వచ్చాయి. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని వెంటాడేది తల్లి మీద పడిన నింద. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', రావిశాస్త్రి 'అల్పజీవి' మనిషి లోపలి పిరికితనాన్ని కథానాయకుణ్ణి చేశాయి. 1969లో నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా విద్యార్థి ఒక్కరోజు ఆలోచనల ప్రవాహం. 'హిమజ్వాల' రాసిన వడ్డెర చండీదాస్ తిరుపతిలో తత్వశాస్త్రం బోధించాడు. కోరికనూ విముక్తినీ కలిపి ఆలోచించిన ఆయన ఇంగ్లీషు గ్రంథం 'డిజైర్ అండ్ లిబరేషన్'ను ఎ. రఘురామరాజు మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. మరోవైపు కొడవటిగంటి కుటుంబరావు వంటివాళ్లు మార్క్సిస్టు దృష్టితో సినిమా వ్యాసాలు రాశారు. నవలలో మనసు, సినిమా వ్యాసంలో సమాజం వేర్వేరు గదుల్లో ఉండిపోయాయి. రెండింటి మధ్య తలుపు తెరిచినవాళ్లు తర్వాతి తరం ఇంగ్లీషు శాఖల అధ్యాపకులు.

హైదరాబాదు వర్గం

1985లో మొదలైన అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తార్నాకలో 2007 తర్వాత 'ఇఫ్లూ' అయిన ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థ సీఫెల్ ఈ పనికి వేదికలయ్యాయి. 'రోజా' (1992) సినిమా మీద చర్చతో ఈ వర్గం దేశం దృష్టిలో పడింది. 1994లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో తేజస్విని నిరంజన రాసిన వ్యాసం, ఆ సినిమాలోని ప్రేమ జంటకు ఎవరి దేశం ఇల్లవుతోందని నిలదీసింది. ఎస్.వి. శ్రీనివాస్ అదే పత్రికలో, ఆనాటి ఆంధ్రప్రదేశ్ పోలీసు రాజ్యంలో కూర్చుని 'రోజా' చూడటమంటే ఏమిటో రాశాడు. సినిమా అర్థం తెర మీదే ఉండదని, చూసే చోటు కూడా అర్థాన్ని తయారుచేస్తుందని ఆ వ్యాసం గట్టిగా చెప్పింది.

ఎం. మాధవప్రసాద్ 'ఐడియాలజీ ఆఫ్ ది హిందీ ఫిల్మ్' (1998) ఈ రంగంలో మూలస్తంభం. పిల్లలు తమకు ఇంకా గొప్ప తల్లిదండ్రులు ఉన్నారని ఊహించుకోవడాన్ని 1909లో ఫ్రాయిడ్ 'ఫ్యామిలీ రొమాన్స్' అన్నాడు. ప్రసాద్ దాన్ని తీసుకుని, జమీందారీ కుటుంబం చుట్టూ తిరిగే మన సినిమాకు 'ఫ్యూడల్ ఫ్యామిలీ రొమాన్స్' అని పేరు పెట్టాడు. మన తెర మీద ముద్దు ఎందుకు కనబడలేదన్న ప్రశ్నకు ఆయన జవాబు ప్రసిద్ధం. అడ్డు సిగ్గూ కాదు, చట్టమూ కాదు. ఇద్దరు మనుషులు కుటుంబపు కన్ను, కులపు కన్ను దాటి తమకంటూ ఒక గది కట్టుకోవడాన్ని ఈ వ్యవస్థ ఒప్పుకోలేదు. ఆ గదిని కెమెరా చూపిస్తే అది ఉందని ఒప్పుకున్నట్టే.

2017 ఆగస్టులో 'అర్జున్ రెడ్డి' విడుదల సమయంలో కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాదులో ఆర్టీసీ బస్సు మీదున్న ముద్దు పోస్టరును చించేశారు. సెన్సారు 'ఏ' ఇచ్చి వదిలిన సినిమా అది. హాలు లోపల ఆ ముద్దుకు అడ్డు లేదు, రోడ్డు మీది బస్సుకు వచ్చేసరికి చిక్కొచ్చింది. ప్రసాద్ వాదనకు ఇంత చక్కటి ఉదాహరణను ఏ పరిశోధకుడూ కల్పించలేడు.

అభిమాని అనే చిక్కు

మెట్జ్ వర్ణించిన ప్రేక్షకుణ్ణి తీసుకొచ్చి బెనిఫిట్ షోలో కూర్చోబెడితే సిద్ధాంతం అక్కడికక్కడే తెగిపోతుంది. హీరో ప్రవేశించగానే కాగితాలు ఎగురుతాయి, చిల్లర తెరకేసి లేస్తుంది, ఈలల్లో మొదటి డైలాగు వినబడదు. బయట కటౌట్‌కు పాలాభిషేకం. ఇక్కడ ఒంటరితనమూ లేదు, దొంగచాటూ లేదు. తెర మీది హీరో కూడా ఇటు తిరిగి, నేల టికెట్టు వాళ్లకు నేరుగా డైలాగు విసురుతాడు.

మరి ఇది భక్తా? తేలిక జవాబు అదే, పత్రికలు ఇప్పటికీ అదే రాస్తాయి. చిరంజీవి అభిమాన సంఘాల మీద ఏళ్లతరబడి పనిచేసిన శ్రీనివాస్ దాన్ని ఒప్పుకోలేదు. 1996లో వచ్చిన ఆయన వ్యాసం శీర్షికలోనే భక్తి, ధిక్కారం పక్కపక్కన నిలిచాయి. తర్వాత 'మెగాస్టార్' (2009), 'పాలిటిక్స్ యాజ్ పర్ఫార్మెన్స్' (2013) పుస్తకాలు వచ్చాయి. గుంపులోని ప్రతివాడూ నాయకుణ్ణి తన ఆదర్శపు 'నేను' స్థానంలో పెట్టుకుంటాడని, ఆ ఉమ్మడి ప్రేమే గుంపును కట్టి ఉంచుతుందని ఫ్రాయిడ్ 1921లో రాశాడు. తెలుగు అభిమాని అక్కడితో ఆగడు. హీరో ఎలా ఉండాలో, ఎలాంటి పాత్ర వేయకూడదో, ఎవరి చేతిలో దెబ్బ తినకూడదో అతనే నిర్ణయిస్తాడు. మాట వినకపోతే అలుగుతాడు, పోస్టర్లు చింపుతాడు. నాయకుణ్ణి అదుపులో పెట్టాలని చూసే గుంపును ఫ్రాయిడ్ ఊహించలేదు.

ప్రసాద్ 'సినీ పాలిటిక్స్' (2014) ఇదే చిక్కును రాజకీయం వైపు నుంచి విప్పింది. ఎం.జి. రామచంద్రన్, ఎన్.టి. రామారావు, రాజ్‌కుమార్ ముగ్గురూ ఒక్కో భాషా సమాజానికి నిలువెత్తు రూపాలయ్యారు. గణతంత్రంలో చేరిన ఆ సమాజాలకు సొంత సార్వభౌమత్వం లేదు. ఆ ఖాళీ కుర్చీలో సినిమా ఒక నీడ ప్రభువును కూర్చోబెట్టింది. 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడానికి పట్టిన కాలం తొమ్మిది నెలల పైచిలుకు. కృష్ణుడి వేషం చూసి అమాయకులు ఓట్లేశారన్న వివరణ ఈ లెక్కలో నిలవదు. వేషం వెనక, అప్పటికే తెర మీద కట్టిన రాజ్యం ఒకటుంది. అయితే ఆ రాజ్యం తాళంచెవి ప్రతి స్టారుకూ అందదు. 2008 ఆగస్టులో ప్రజారాజ్యం పెట్టిన చిరంజీవికి మరుసటి ఏడు 18 శాసనసభ స్థానాలే దక్కాయి.

మాయాబజార్: ప్రియదర్శిని, సత్యపీఠం

బార్త్ 'మిథాలజీస్' వచ్చిన 1957లోనే విజయావారి 'మాయాబజార్' విడుదలైంది. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు లకాన్‌ను చదివే అవకాశమే లేదు. అయినా కోరిక గురించి మనోవిశ్లేషణ చెప్పేదాన్ని రెండు వస్తువుల్లో పెట్టి చూపించారు.

మొదటిది ప్రియదర్శిని. ఆ పెట్టె తెరిచినవాళ్లకు ఎవరికి ప్రియమైనది వాళ్లకు కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు, రేవతికి నగలు. ఇంతవరకు ఏ జోస్యుడైనా చెప్పగలడు. కృష్ణుడు తెరిస్తే శకుని కనిపిస్తాడు. ఆ ఘట్టంలో జనం నవ్వుతారు. నవ్వు ఆగాక మిగిలే ప్రశ్న చిన్నది కాదు. శత్రువు ప్రియుడెలా అయ్యాడు? మనకు సుఖమిచ్చేది, మన కోరికను నడిపేది ఒకటే కానక్కరలేదని లకాన్ పదేపదే అంటాడు. లీల నడవాలంటే కృష్ణుడికి శకుని కావాలి. ఎత్తుకు పైఎత్తు వేయించేవాడు లేకపోతే జగన్నాటక సూత్రధారికి పనే ఉండదు. ఒక్క షాటులో, ఒక్క చిరునవ్వుతో సినిమా ఆ సంగతి తేల్చేసింది. పైగా ఆ పెట్టె తెర లాంటిదే. అందులో బొమ్మ కదులుతుంది, మాట్లాడుతుంది. సినిమా తన గురించి తానే చెప్పుకుంటోంది.

రెండోది సత్యపీఠం. దాని మీద నిలబడ్డవాడు కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. శకుని దాని మీదికెక్కి తన కుట్ర తానే చెప్పుకుంటాడు. వియన్నాలో ఫ్రాయిడ్ సోఫా చేసిన పనే ఇది, కాకపోతే అక్కడ రోగి ఇష్టపడి పడుకుంటాడు. ఈ రెంటి మధ్య సావిత్రి నటన ఉంది. శశిరేఖ దేహంలో ఘటోత్కచుడు ఉన్నట్టు ఆమె చేసే అభినయం, ఆడతనం కూడా వేసుకునే వేషమేనన్న వాదానికి దశాబ్దాల ముందటి దృష్టాంతం. సిద్ధాంతం సినిమాను వివరిస్తుందని అంటాం. ఇక్కడ వరస తిరగబడి, సినిమాయే సిద్ధాంతానికి పాఠం చెప్పింది.

తల్లి ఆజ్ఞ

'కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?' అన్న 'బాహుబలి' సినిమా ప్రశ్న 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా తిరిగింది. జవాబు వచ్చాక చర్చ ఆగిపోయింది, నిజానికి అప్పుడే మొదలవ్వాలి. చంపమన్నది శివగామి. పెంచిన తల్లి నోటి నుంచి మరణ శాసనం వచ్చింది. తండ్రిని కొడుకు చంపడం, కొడుకును తండ్రి బలివ్వడం అనే రెండు నమూనాల్లో ఇది ఇమడదు. తండ్రి ఉండాల్సిన చట్టం స్థానంలో తల్లి కూర్చుంది, ఆమె మాటే శాసనం. కకర్ చెప్పిన బిగికౌగిలికి కత్తి కూడా తోడైంది. తండ్రీ కొడుకులుగా ప్రభాస్ ఒక్కడే నటించడంతో చనిపోయిన తండ్రి కొడుకు ముఖంతో తిరిగొచ్చి లెక్క తేల్చుకుంటాడు. కట్టప్ప హెగెల్‌ను ఓడించాడు. బానిస తన శ్రమ ద్వారా యజమానిని మించి ఎదుగుతాడని హెగెల్ అంటే, యజమానులందరికంటే గొప్ప వీరుడైన ఈ బానిస పూర్వీకుల మాటకు కట్టుబడి బానిసగానే ఉండిపోతాడు.

'మనం' (2014) దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. నాగార్జున పాత్ర మళ్లీ పుట్టిన తన తల్లిదండ్రులను తనకంటే చిన్న వయసులో కలుసుకుని వాళ్లను కలపడానికి తంటాలు పడుతుంది. అక్కినేని నాగేశ్వరరావు పాత్రదీ అదే వెతుకులాట. తల్లిదండ్రుల పడకగది రహస్యం పిల్లవాణ్ణి భయపెడుతుందని ఫ్రాయిడ్ అంటే, ఇక్కడ కొడుకే పెళ్లిపెద్ద. ఈడిపస్ కథను కోపం లేకుండా, నవ్వుతూ చెప్పిన సినిమా ఇది.

కట్టమైసమ్మ చూపు, వెంచర్ బోర్డు

శామీర్‌పేట పెద్దచెరువు కట్ట మీద కట్టమైసమ్మ గుడి ఉంది. తెలంగాణ చెరువు కట్టలకు మైసమ్మ కావలి. పసుపు, కుంకుమ పూసిన రాయికి పెద్ద కళ్లు పెడతారు. మనం ఆమెను చూడటం సగమే. ఆమె మనల్ని చూస్తుందన్నది మొక్కుకు అసలు బలం. వస్తువు మనల్ని తిరిగి చూస్తుందన్న లకాన్ మాట పారిస్‌లో విడ్డూరంగా వినిపించి ఉండవచ్చు, కట్ట మీద కోడిని కోసేవాళ్లకు అందులో వింతేమీ లేదు.

కోడి రామకృష్ణ 'అమ్మోరు' (1995) ఈ చూపును తెరకెక్కించింది. నటులు కెమెరాలోకి చూడకూడదన్న నియమాన్ని అమ్మవారు పాటించదు, నేరుగా హాలును చూస్తుంది. అలాంటి సినిమాలు ఆడే హాళ్లలో ఆడవాళ్లకు పూనకాలు రావడం తెలిసిందే. ఉమా మహేశ్వరి భృగుబండ 'డైటీస్ అండ్ డివోటీస్' (2018) పౌరాణికాల నుంచి అమ్మవారి సినిమాల దాకా నడిచిన ఈ బంధాన్ని చదివింది. భక్తుడు, పౌరుడు ఇద్దరూ ఒకే మనిషిలో కాపురం ఉంటారని, ఒకరు పోతే గాని ఇంకొకరు రారన్న నమ్మకం తప్పని ఆమె వాదన.

మైసమ్మ కావలి ఉన్న ఈ శామీర్‌పేటలోనే 1998లో పుట్టిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఆ చుట్టుపక్కలే జవహర్‌నగర్ దగ్గర 2008 నుంచి బిట్స్ పిలానీ ప్రాంగణం ఉంది. పక్కన జీనోమ్ వ్యాలీ.  ఔటర్ రింగురోడ్డు వచ్చాక పొలాలు ఫాంహౌసులు, రిసార్టులు, గేటెడ్ కాలనీలు అయ్యాయి. కొంపల్లి మల్టీప్లెక్సులో కూర్చున్న బీటెక్ కుర్రాడు పాత నేల టికెట్టువాడిలా కేకలు వేయడు, ఫోనులో మీమ్ తయారుచేస్తాడు. పని మాత్రం ఒకటే, హీరోకు మార్కులు వేయడం.

ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువమంది చదివే రాత వెంచర్ బోర్డు. రాజీవ్ రహదారి పొడవునా, మేడ్చల్ దాటాక 44వ జాతీయ రహదారి పొడవునా ఇవే. పెద్ద కమాను, ఫౌంటెను, విదేశీ పేరు, ఒక్కోసారి సినిమా నటుడి ముఖం. అమ్మేది ఖాళీ జాగా, బొమ్మలో ఖాళీ జాగా మాత్రం ఉండదు. ఆ కమాను కింద కారు దిగుతుంటే చుట్టాలు చూసే చూపును బోర్డు అమ్ముతుంది. కోరిక ఎదుటివాడి కోరికేనన్న లకాన్ సూత్రం గజాల లెక్కన అమ్ముడుపోయే చోటు ఇది. బార్త్ బతికుంటే ఒక అధ్యాయం రాసేవాడు.

అభ్యంతరాలు

1996లో డేవిడ్ బోర్డ్‌వెల్, నోయెల్ కారోల్ 'పోస్ట్-థియరీ' సంకలనంలో, ఈ పద్ధతికి ఏ సినిమా ఇచ్చినా ఒకటే జవాబు వస్తుందని ఎద్దేవా చేశారు. అందులో నిజముంది. ప్రతి తుపాకీనీ పురుషాంగమనే వ్యాసాలు మన దగ్గరా తక్కువేం కాదు. దళిత బహుజన విమర్శ వేసిన ప్రశ్న ఇంకా లోతైనది. అచేతనానికి కులం లేదా? హీరో ఇంటిపేరు, విలన్ వృత్తి, కమెడియన్ రంగు ఏ కోరికను దాస్తున్నాయి? తెలంగాణ యాసను దశాబ్దాలపాటు రౌడీకీ నవ్వులాటకూ కేటాయించిన సినిమాను తండ్రి, తల్లి, బిడ్డ అనే ముక్కోణంతో చదివితే సగం కథ జారిపోతుంది.

మూడో లోపం ఇంటిది. ఈ పుస్తకాల్లో ముఖ్యమైనవన్నీ ఇంగ్లీషులో వచ్చాయి. ఎవరి మీద రాశారో ఆ అభిమానికి అవి అందలేదు.

బలగం: నల్లిబొక్క, పిట్ట

2023 మార్చిలో వచ్చిన వేణు యెల్దండి 'బలగం' ఈ చర్చను ముందుకు నెట్టింది. సిరిసిల్ల ప్రాంతపు ఊళ్లో కొమురయ్య చనిపోతాడు. పిండం పెడితే పిట్ట ముట్టదు. ఇంటి అల్లుడు ఇరవై ఏళ్లుగా భార్యను పుట్టింటి గడప తొక్కనివ్వకపోవడానికి కారణం, ఒకనాటి విందులో తనకు పడని నల్లిబొక్క. పోయిన వస్తువు విలువ దానిలో ఉండదని, దాని చుట్టూ అల్లుకున్న లోటులో ఉంటుందని లకాన్ పుస్తకాలు నింపాడు. ఆ ఎముక ముక్క ఆ పని సులువుగా చేసేసింది.

1917 నాటి 'దుఃఖం, విషాదరోగం' వ్యాసంలో ఫ్రాయిడ్, పోయినవాణ్ణి వదులుకోవడం మనిషి లోపల ఒంటరిగా జరిగే పనిగా రాశాడు. ఇక్కడ అది పదకొండు రోజుల బహిరంగ వ్యవహారం, తీర్పు చెప్పేది పిట్ట. చచ్చినాయన ఏం కోరుకున్నాడు? ఎవరికీ తెలియదు, అందరూ తలో మాట అంటారు, అన్నీ తప్పుతాయి. కథ చెప్పేవాళ్లు ఆయన బతుకును పాడి, ఇంటిల్లిపాదీ ఏడ్చి కలిశాకే ముడి వీడుతుంది.

ఆ సినిమాను తెలంగాణ ఊళ్లు నడిబొడ్డున తెర కట్టి చూశాయి. మెట్జ్ చెప్పిన చీకటి హాలు లేదు, శ్రీనివాస్ చదివిన మాస్ ఈలలూ లేవు. ముందు వరసల్లో ముసలమ్మలు, పిల్లలు. పక్కనే కూర్చున్నది మాటలు పోయిన అన్నో, చెల్లెలో కావచ్చు. ఒకరినొకరు చూసుకుంటూ ఏడ్చిన ఈ ప్రేక్షకులు దొంగచాటుగా చూసేవాళ్లూ కారు, హీరోను ఏలేవాళ్లూ కారు. ఈ మూడో రకాన్ని చదవాలంటే ఫ్రాయిడ్‌తోపాటు దినవారాల తంతు తెలిసినవాళ్లు కావాలి.